కాటా గదిలో శనివారం

పొద్దున ఆరుకే మొదటి లారీ కాటా ఎక్కింది.
మొక్కజొన్న. తేమ పదిహేడు.
తరుగెంతో రాసిచ్చి
రేడియో చెవి మెలిపెట్టాను.
ముందు దగ్గింది, తర్వాత గాలివాటం చెప్పింది,
ఆ తర్వాత ఎవడో ట్రాక్టరు టైర్లు అమ్ముకున్నాడు.
ఆటలకింకా ఎనిమిది గంటలు.

కాన్సస్ పడమటి కొసన
అక్టోబరు శనివారానికి రెండు గొంతులు.
ఒకటి ఫుట్‌బాల్: మా కాలేజీ పిల్లలు,
మీసమింకా దిద్దుకుంటున్నవాళ్ళు,
భుజాల మీద గుమ్మడికాయలు పెట్టుకున్నట్టు
ఒకరి మీదొకరు పడేవాళ్ళు.
రెండోది బేస్‌బాల్: ఏప్రిల్ నుంచీ ఆడి ఆడి
ఇంకా చావక మిగిలిన జట్టు.
ఇవాళ ఓడితే ఇంటికే.

అందుకే నా బల్ల మీద రెండు రేడియోలు.
ఎడమ చెవి ఫుట్‌బాల్‌ది, కుడి చెవి బేస్‌బాల్‌ది.
కుడి చెవి కాస్త మందం. ఫరవాలేదు,
బేస్‌బాల్‌కి అరవడం రాదు.
పిచర్ టోపీ సర్దుకుంటాడు, నేల చూస్తాడు, మళ్ళీ సర్దుకుంటాడు,
చాలాసేపు ఏమీ జరగదు.
ఆ ఏమీ జరగకపోవడం కోసమే
ముప్ఫయ్యొక్క ఏళ్ళుగా వింటున్నాను.

లారీ లారీకీ ఒకటే ప్రశ్న, కిటికీలోంచి:
"ఎంత?"
బరువు కాదు వాళ్ళడిగేది.
డెల్మర్ ఫానెన్‌స్టీల్‌కి ఫుట్‌బాల్ చెప్పాలి,
బేస్‌బాల్ అంటే వాడికి నిద్ర.
హోబర్ట్‌కి రెండూ చెప్పాలి, నెమ్మదిగా, రెండుసార్లు.
ఉత్తరం సరిహద్దు అవతలి నుంచి వచ్చే లూథర్‌కి మాత్రం
మేం ఓడుతున్నా గెలుస్తున్నామనే చెబుతాను.
వాడికీ తెలుసు. వాడి బండిలోనూ రేడియో ఉంది.

నాలుగు దాటింది. టేవియా వచ్చింది,
నాన్న లారీ, నాన్న టోపీ, పంతొమ్మిదేళ్ళు.
వాళ్ళ తమ్ముడు మా కాలేజీ జట్టులోనే,
వరసలో మూడోవాడు. ముందున్న ఇద్దరూ కుంటితే తప్ప
బెంచీ వాడిది.
రెండేళ్ళలో వాడి పేరు రేడియోలో
ఒక్కసారి రాలేదు.

చీటీ అచ్చవుతోంది. ఎడమ చెవిలో ఈల.
ఎవడో తొందరపడి ముందే కదిలాడట.
అయిదు గజాలు వెనక్కి.
"తప్పు చేసింది," అన్నాడు రేడియోవాడు,
కాగితం తిప్పుతూ, తడుముకుంటూ,
"డెబ్భై మూడో నంబరు... బ్రెక్ వాసింజర్."

టేవియా లారీ దిగింది. కాటా మీదే దిగింది.
"వాడి పేరొచ్చింది!
విన్నావా వర్లీన్, వాడి పేరొచ్చింది!"
అని ఆ ఇనుప పలకల మీద ఎగురుతోంది.
నా ముందు ఎర్ర అంకెలకి పిచ్చెక్కింది,
నూట ఇరవై పౌన్లు పైకీ కిందకీ.
వెనక లారీలు హారన్లు కొట్టాయి, విసుగుతో మొదట,
డెల్మర్ సంగతి చెప్పాక
ఇంకోలాగ.

ఆ తప్పుతో మాకు మూడు పాయింట్లు పోయాయి.
రెండు పాయింట్లతో ఓడాం.
లెక్క వచ్చినవాళ్ళెవరూ ఆమెతో లెక్క మాట్లాడలేదు.

చీకటి పడ్డాక లారీలు ఆగిపోయాయి.
ఎడమ రేడియో కట్టేశాను.
కుడిది మాత్రం పదో ఇన్నింగ్స్, పదకొండు, పన్నెండు,
ఎవరికీ ఇంటికి పోవాలని లేదు.
గింజల పొట్టు దీపం చుట్టూ ఎగురుతోంది,
పురుగులేమో అనుకున్నాను, కొన్ని పురుగులే.
స్కోరు తూకం చీటీల వెనక పెన్సిలుతో రాస్తాను,
ఇవాళ తొమ్మిది చీటీలు పట్టింది.
పదమూడులో మావాడొకడు మూడో బేస్ దాకా వచ్చాడు.
ఇంకా అక్కడే ఉన్నాడు, నన్నడిగితే.
తర్వాతివాడు గాల్లోకి కొట్టాడు, అంతే,
జనం గొంతు ముందు లేచి
తర్వాత తెలిసొచ్చింది.

తాళం వేసేముందు లెక్క సరిచూశాను.
టేవియా చీటీలో నూట ఇరవై పౌన్లు ఎక్కువ.
దిద్దాలి. పెన్ను పట్టుకున్నాను కూడా.
ఉండనీ, సోమవారం మేనేజరు అడిగితే
తేమ అని చెబుతాను.